కార్డు వెనక పెన్సిల్ రాత

“చదువున్రి శ్రీపతి సాబ్. మీరే రాసిన్రు గదా, మీ నోటితోనే చదువున్రి.”

అంజయ్య తన ఫోనును మామయ్య ముక్కు కిందకు తోశాడు. మామయ్య చదవలేదు. కళ్లజోడు తీసి కండువా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. ఆదివారం పొద్దున పదిన్నర. ఏడు గంటల నుంచి మా నాంపల్లి ఇంట్లో ఫోను మోగుతూనే ఉంది, మామయ్య ఆ కళ్లజోడు తుడుస్తూనే ఉన్నాడు.

“మీరు చదవకుంటే నేనే చదువుత,” అన్నాడు అంజయ్య.

సుల్తాన్ బజార్‌లో గుండీలు, లేసులు అమ్ముకునే మనిషి. మూడేళ్ల కింద కూతురు మనస్వినికి సంబంధం చూడమని ఆబిడ్స్‌లోని మా మామయ్య పెళ్లిసంబంధాల ఆఫీసులో కార్డు ఇచ్చాడు. ఆయన గొంతు పెంచగా నేనెన్నడూ వినలేదు. ఇప్పుడూ పెంచలేదు. నాకు అదే ఎక్కువ కష్టంగా ఉంది.

“‘పిల్లకు ఎడమ చెవి వినపడదు. చూపులకు వచ్చినోళ్లను కుడి దిక్కు కూసోబెట్టాలె.’ గిది నేను మీ ఒక్కరికి చెప్పిన మాట. మా అన్నదమ్ములకు గూడ ఎరుక లేదు. మీ ఆఫీసుల తలుపు దగ్గరికేసి, మీరు దేవుని పటం మీద చెయ్యి పెట్టినంక చెప్పిన.”

“అంజన్నా, జర కూసో. ఛాయ్ తాగు.”

“ఇంకొక్కటుంది. చదవనియ్యున్రి.” ఆయన వేలు తెర మీద జారింది. మళ్లీ పైకి తెచ్చుకున్నాడు. “‘తండ్రి మెత్తన. ఎవరిని చూపెట్టినా సరే అంటడు. మిగిలినవి ఇక్కడికి పంపొచ్చు.’”

అత్తమ్మ ఛాయ్ పళ్లెంతో వంటింటి గడప మీదే ఆగిపోయింది.

“మూడేండ్ల సంది మీరు పంపినోళ్లంత మిగిలినోళ్లేనా సాబ్? గా నలభై రెండేండ్లాయన? పొద్దుగాలనే తాగొచ్చినాయన? నా బిడ్డ వాళ్ల ముందట చీర గట్టుకొని కూసున్నది. నేనే కూసోబెట్టిన. ‘నాయినా, మంచిగ లేరు’ అంటే, శ్రీపతి సాబ్ పంపిండు గదా, ఏదో చూసే పంపుతడు అన్న.”

మామయ్య కళ్లజోడు పెట్టుకున్నాడు.

“ఇయ్యాల పొద్దున చదివింది. ఏడుస్తదేమో అనుకున్న. నవ్వింది. ‘నాయినా, నిన్ను గూడ మంచిగనే తూకమేసిండు’ అన్నది.” అంజయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. “ఎవరు రాసిన్రు సాబ్? గదొక్కటి చెప్పున్రి, పోత.”

అప్పుడు మామయ్య నా వైపు తిరిగాడు. ఆ తిరగడం నేను బతికున్నంత కాలం మర్చిపోను.

“మా రాత కాదన్నా అది. యాప్ చేసేటప్పుడు స్క్రీన్ నిండుగ కనపడాలని ఉత్తుత్త మాటలు నింపుతరు. సాంపిల్ అంటరు. మా కోడలు చేసింది. అడుగు, చెప్తది.”

ఛీ! నోరెలా వచ్చింది?

“నా బిడ్డ చెవి సంగతి ఈమెకెట్ల ఎరుక?”

“ఏదో అట్ల కలిసింది.”

కలిసిందట! ఎనిమిది వందల కార్డుల్లో ఆ ఒక్క పిల్లకే, అదీ ఎడమ చెవే కలిసింది. అంతటి అబద్ధాన్ని సోఫాలో కాలు మీద కాలేసుకుని చెప్పాడు. అంజయ్య నా మొహంలోకి చూశాడు.

“ఔనా అమ్మా? నువ్వు రాసినవా?”

కాదు అనాలి. రెండక్షరాలు. నాలుగేళ్లుగా ఈ ఇంట్లో మాట మింగడం అలవాటైపోయి ఆ రెండక్షరాలు గొంతులోనే ఉండిపోయాయి.

“ఇప్పుడు చెప్పకున్నా సరే. మీ వాట్సాప్ గ్రూపుల నాలుగొందల మంది ఉన్నరు. వాళ్లందరి ముందట రాయమ్మా. నువ్వేం రాస్తే నేను గదే నమ్ముత.”

చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు. మామయ్య ఊపిరి వదిలి అత్తమ్మ వైపు చెయ్యి చాపాడు.

“ఛాయ్ ఇటియ్యి శశికళా. చల్లారిపోతది.”

*

అంజయ్య అటు వెళ్లగానే మామయ్య గొంతు పెరిగింది. ఆ గొంతు ముందుగా సాయన్న మీద పడింది.

సాయన్న ఇరవై ఆరేళ్లుగా ఆబిడ్స్ ఆఫీసులో గుమాస్తా. మామయ్య పొద్దున్నే ఫోను చేసి కార్డులన్నీ ఇంటికి పట్టుకురమ్మంటే, అవి ఉన్న రెండు బిస్కెట్ డబ్బాలు సంచిలో వేసుకుని వచ్చి, అప్పటి నుంచి తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

“కార్డు వెనకది టైపు కొట్టుమన్ననార నిన్ను?”

“కార్డు మీదున్నదంత కొట్టుమన్నరు సార్. రెండు దిక్కుల ఉండె. రెండు దిక్కుల కొట్టిన.”

“అకల్ లేదా? వెనకది లోపలి సంగతి గదా!”

“వద్దన్లే గద సార్.”

నిజమే, వద్దనలేదు. కార్డు ముందు వైపు ఫొటో, పేరు, గోత్రం, నక్షత్రం, ఉద్యోగం. వెనక వైపు మామయ్య పెన్సిల్ రాత. ఆయనకది చేతికి అంటిన అలవాటు. తల్లిదండ్రులు మెట్లు దిగీ దిగకముందే కార్డు తిప్పి రాసుకుంటాడు. ఆ అలవాటు తెలిసినవాళ్లు ఆఫీసులో ఇద్దరే. ఆయన కాక రెండోవాడు సాయన్న, ఒక్క వేలుతో రెండు నెలలు కూర్చుని ఎనిమిది వందల కార్డులు కంప్యూటర్ షీటులోకి ఎక్కించాడు. వెనక వైపుకి ఏ పేరు పెట్టాలో తెలియక, పాపం, ‘ఇతరములు’ అని పెట్టాడు.

ఇక నా తప్పు. అది కూడా చెప్పుకోవాలి.

యాప్ తెరలు గీసింది నేనే. కోడు రాయడం నాకు రాదు, అవసరమూ లేదు. లాప్‌టాప్‌లో యాప్‌లు తయారుచేసే పనిముట్టు తెరిస్తే ఎడమ పక్క ముక్కలుంటాయి: ఫొటో, పేరు, బటన్, జాబితా. మధ్యలో ఖాళీ ఫోను బొమ్మ. ముక్కను వేలితో లాగి ఆ ఫోనులో ఎక్కడ వదిలితే అక్కడ అతుక్కుంటుంది. ఆరు వారాలు ఆ పనే చేశాను, ఇష్టంగా చేశాను. పైన వినాయకుడుండాలని అత్తమ్మ, గుండ్రంగా తన ఫొటో ఉండాలని మామయ్య. ఇద్దరినీ ఎలాగో ఒక తెరలో ఇరికించాను. పొడుగు పేర్లు విరిగి రెండో లైనులో పడుతుంటే అక్షరాలు తగ్గించాను. తల్లులు ఒక చేత్తో ఫోను పట్టుకుంటారు గదా, బొటనవేలికి అందాలని ‘మాట్లాడదాం’ బటన్ కిందికి దించాను. పెళ్లయినవాళ్ల కార్డులు బయటికి కనపడకుండా చేశాను. అన్నీ చూసుకున్నాను!

ఆ పనిముట్టుకి ఒక తీరుంది. ఒక మనిషి వివరాల తెర పెట్టగానే షీటులో ఉన్న గడులన్నింటినీ అదే ఒకదాని కింద ఒకటి పేర్చేస్తుంది. ఏదైనా గడి ఖాళీగా ఉంటే దాన్ని కనపడనివ్వదు. మనం గీస్తున్నంత సేపూ నమూనాకి షీటులో మొదటి వరసనే చూపిస్తుంది. ఆ మొదటి వరస, ఒకటో నంబరు కార్డు, నా మొగుడు రవికిరణ్‌ది. కన్నకొడుకు గదా, మామయ్య వాడి కార్డునే ఒకటో నంబరు చేసి పెట్టుకున్నాడు. అందులో ‘ఇతరములు’ ఖాళీ. కాబట్టి ఆరు వారాలు నా మొగుడి నవ్వుమొహం చూస్తూ తెరలు గీసిన నాకు ఆ గడి కనపడనే లేదు. షీటును ఒక్కసారి కుడి పక్కకి జరిపితే కనపడేది. జరపలేదు.

ఇంట్లో నలుగురం చూసుకుందామని పంపిన లింకును మామయ్య నిన్న సాయంత్రం గర్వంగా గ్రూపులో పెట్టేశాడు. ‘మన యాప్ వచ్చేసింది, ఆశీర్వదించండి’ అని. పొద్దున లేవగానే నేను లింకు మూసేశాను. ఏం లాభం? అప్పటికే ఆ తెరల ఫొటోలు తీసి పెట్టుకున్నారు.

*

మామయ్య పాత క్యాలెండర్ కాగితం చింపి, జేబులోంచి పెన్సిల్ తీశాడు. అదే పెన్సిల్. రాసి, నా ముందు పెట్టాడు.

‘యాప్‌లో ఇతరములు అని కనిపించిన మాటలు డిజైన్ కోసం నేను కల్పించి పెట్టినవి. మా మామగారికి వీటితో ఏ సంబంధమూ లేదు. క్షమించగలరు. ఇట్లు, ఉజ్వల.’

“గిది గ్రూపుల పెట్టు. పన్నెండు లోపల పెట్టాలె. ఇంక ఆలస్యమైతే ఎవడూ నమ్మడు.”

“నేను కల్పించిన్నా మామయ్యా?”

“కల్పించినవని కాదు. కల్పించిన అంటే ఇల్లు నిలవడతది.”

“పెట్టెయ్యి బిడ్డా,” అంది అత్తమ్మ నా భుజం మీద చెయ్యేసి. “చిన్నదానివి, తెలియక చేసినవంటరు. రెండు రోజులు అనుకుంటరు, మరిచిపోతరు. పెద్దమనిషిని అంటే మరిచిపోతరా?”

“‘రూపం తక్కువ, ఎదురుంగ చూపెట్టొద్దు, పక్కకెల్లి తీసిన ఫొటోనే ఇయ్యాలె.’ ఇది నేను కల్పించిన్నా అత్తమ్మా? ‘తల్లికి పిచ్చి ఉండె, ఊరు మారిన్రు, ఎవరికి ఎరుక లేదు.’ ఇదీ నేనేనా? ఇట్లాంటివి కల్పించాలంటే మనిషికి ఎంత మురికి ఉండాలె లోపల!”

“నోరు జాగ్రత్త,” అన్నాడు మామయ్య.

“అరవై ఏండ్ల మనిషి తోటి గట్లనేనా మాట్లాడేది?” అని రవి లేచాడు. పొద్దున్నుంచి మూల కుర్చీలో కళ్లజోడు సవరించుకుంటూ ఫోను చూస్తూ కూర్చున్నవాడు, నేను నోరు తెరిచేసరికి లేచాడు.

మామయ్య చెయ్యెత్తి కొడుకుని ఆపి, మెత్తగా మాట్లాడాడు. ఆయన మెత్తగా మాట్లాడితేనే నాకు భయం.

“సంబంధాలు కుదుర్చుడంటే ఏమనుకున్నవ్ ఉజ్వలా? అన్నీ తెల్వకుంటే ఎవరికి ఎవరు సరిపోతరో ఎట్ల చూస్తం? డాక్టర్ రాసుకోడా? ఎవరింట్ల ఏం తకలీఫ్ ఉందో నేను గూడ గట్లనే రాసుకున్న. ఒక్కరికి చెప్పిన్నా ఇన్నేండ్ల? నువ్వు బైట పెట్టేదాక ఎవరికన్న తెల్సిందా?”

ఒక్క క్షణం నేను తడబడ్డాను. నిజంగానే ఆయన ఎవరికీ చెప్పలేదు. బయట పెట్టింది నా తెరే.

అప్పుడు అంజయ్య కండువా గుర్తొచ్చింది.

“డాక్టర్ ‘మిగిలినవి ఇక్కడికి పంపొచ్చు’ అని రాయడు మామయ్యా.”

వీధిలో నాంపల్లి స్టేషన్‌కి పోయే ఆటోల హారన్లు. అత్తమ్మ నాకిచ్చిన ఛాయ్ మీద మీగడ కట్టింది. ఈ ఇంట్లో నాలుగేళ్లు తాగిన ప్రతి ఛాయ్ ఆ పెన్సిల్ సంపాదనే. గ్లాసు పక్కకి జరిపాను.

రవి నా పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు.

“ఉజ్జూ, ఒక్క మెసేజ్. నా కోసం పెట్టు. ఎందుకింత కోపం నీకు? నీ కార్డు మీద ఏం చెడ్డగ రాయలే గదా. మంచిగనే ఉండె.”

నేను వాడి మొహం చూశాను.

నా కార్డు. నాలుగేళ్ల కింద హిమాయత్‌నగర్ నుంచి మా నాయన అమరేశ్వరరావు ఆ ఆఫీసు మెట్లెక్కి ఇచ్చిన కార్డు. పెళ్లయినవాళ్లది కాబట్టి యాప్‌లో ఎవరికీ కనపడలేదు. నేను కూడా తీసి చూడలేదు. పొద్దున్నుంచి ఊళ్లోవాళ్ల పిల్లల గురించి కుమిలిపోతున్నాను గాని, నా వరస ఒకటుందని నాకు తట్టనే లేదు.

“మంచిగనే ఉండెనా? ఎప్పుడు చూసినవ్?”

రవి మళ్లీ ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

లాప్‌టాప్ తెరిచాను. షీటులో నా పేరు కొట్టాను. ఆరువందల పదకొండు. ఆరు వారాల ముందే చేయాల్సిన పని అప్పుడు చేశాను. షీటును కుడి పక్కకి జరిపాను.

‘తల్లి లేదు. తండ్రి మర్యాదస్తుడు, గట్టిగా అడగడు. పిల్ల సర్దుకుంటది. మన రవికి సరిపోతది.’

మూడుసార్లు చదివాను. మూడుసార్లూ అవే మాటలు. చూపులనాడు మామయ్య మా నాయన చేతులు రెండూ పట్టుకుని, ‘మీ మర్యాద చూసే ఈ సంబంధం వద్దనుకోలేకపోయినం’ అన్నాడు. మా నాయన ఆ మాట ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటాడు. థూ!

“పెండ్లికి ముందు చదివినవా రవీ?”

రవి ఫోను బోర్లా పెట్టాడు.

“ఔ.”

“చదివి, వచ్చి తాళి కట్టినవ్.”

“నాయిన అందరివీ రాస్తడు. అది పని. నేను పట్టించుకోలే.”

“‘గట్టిగా అడగడు’ అని ఉంది. ఏం అడగడు? మా నాయిన గట్టిగ ఏం అడగాల్సి ఉండె? ఏం అడగకుంటే మీకు మంచిదనుకున్నరు?”

రవి తండ్రి వైపు చూశాడు. మామయ్య క్యాలెండర్ కాగితం వైపు చూశాడు. అత్తమ్మ వంటింట్లోకి వెళ్లి, కడిగిన గ్లాసులనే మళ్లీ కడగడం మొదలుపెట్టింది.

“పన్నెండుకు పది నిమిషాలుంది,” అన్నాడు మామయ్య. “ఇంటి సంగతులు తర్వాత మాట్లాడుకుందం. ముందు గది పెట్టు.”

“పెడుతున్న మామయ్యా.”

ఫోను తీసుకున్నాను. క్యాలెండర్ కాగితం ముందు పెట్టుకున్నాను. ఆయన తృప్తిగా వెనక్కి వాలాడు. రెండు మూడు చోట్ల తప్పులు పడ్డాయి, దిద్దుకున్నాను.

‘ఇతరములు కింద మీరు చదివినవి సాంపిల్ మాటలు కావు. మా మామగారు శ్రీపతి గారు మీ కార్డుల వెనక పెన్సిల్‌తో రాసుకున్నవి. చూసుకోకుండా వాటిని అందరికీ కనపడనిచ్చిన తప్పు నాది. మీ కార్డులు నాంపల్లిలో మా ఇంట్లోనే ఉన్నాయి. వచ్చి తీసుకుపోండి. అంజయ్య గారూ, నేను రాయలేదు. ఉజ్వల.’

పంపాను.

మామయ్య ఫోను టేబుల్ మీద కిచకిచమంది. చదివాడు. మొహంలో రక్తం లేదు. ఆయన్ని అలా చూస్తే జాలి కలుగుతుందేమోనని ఒక క్షణం ఆగాను. కలగలేదు.

“తీసెయ్యి,” అన్నాడు. “ఇప్పుడే తీసెయ్యి!”

“చదివేసిన్రు మామయ్యా. నలభై మంది చదివేసిన్రు.”

“సాయన్నా! డబ్బాలు ఇటియ్యి. పెరట్లకు పట్టు. అగ్గిపెట్టె తే శశికళా!”

సాయన్న లేచాడు. సంచిలోంచి డబ్బా తీశాడు. మామయ్య చెయ్యి చాపాడు. సాయన్న ఆయన పక్కనుంచి నడిచి నా దగ్గరకొచ్చి, డబ్బా మూత తీసి, అన్నిటికంటే ముందున్న రవి కార్డు నా చేతిలో పెట్టాడు.

“చిన్నమ్మా, ఒకటో నంబరు వెనక ఖాళీ లేకుండె. రాత ఉండె. నాకు కొట్టనీకి ఇచ్చే ముందట సార్ రబ్బర్ తోటి తుడిచిండు. టేబుల్ మీద పడ్డ పొట్టు నేనే ఊడ్చిన.”

“సాయన్నా!”

“మీరు తుడిచింది ఆమెకు చెప్పొద్దనలే గద సార్.”

కార్డు తిప్పాను. రబ్బరు రుద్దిన చోట కాగితం పలచబడి, నూగు లేచింది. కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతురుకి ఏటవాలుగా పట్టుకున్నాను. పై లైను పూర్తిగా పోయింది. కింది లైను రాసేటప్పుడు మాత్రం పెన్సిల్ గట్టిగా నొక్కినట్టున్నాడు. సీసం పోయినా నొక్కులు మిగిలాయి. వేలితో తడిమితే కూడా తెలుస్తున్నాయి.

‘పిల్ల దిక్కోళ్లకు చెప్పొద్దు.’

కిటికీ ఊచ పట్టుకున్నాను. కింద మెట్ల దగ్గర అప్పుడే ఎవరివో మాటలు, మా ఇంటి నంబరు అడుగుతున్నారు. కార్డుల కోసం మొదటివాళ్లు వచ్చేశారు.

“ఉజ్జూ, అది ఇటియ్యి,” అన్నాడు రవి. “నేనే చెప్త. తర్వాత అన్నీ చెప్త.”

కార్డును వాడి ముక్కు కిందకు జరిపాను.

“పై లైను నాకు కనపడ్తలేదు. నీకు ఎరుకే గదా. నీ నోటితోనే చదువు.”

రవి కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు.